రాతిపొడి గూళ్లు

నల్లగా మెరిసే ఒక పురుగు గూడు కాడ పోయిన వారం మనం ఆగినాం. ఆ గూడు ఇంకా లూదియా కళ్ల ముందర నుంచి పోలేదు.

కొత్తగా చదివేవాళ్లకు సంగతి ఇది. లూదియాది నంద్యాలలో వాగులూ వంకలూ పరీక్ష చేసే ఉద్యోగం. నీళ్లలో బతికే పురుగులను చూసి ఆ నీళ్లు ఆరోగ్యంగా ఉండాయో లేదో చెప్పడం ఆమె చదివిన చదువు. ఆళ్లగడ్డ అవతల రాగులపల్లెలో కొత్త మంచినీళ్ల ట్యాంకు కట్టినారు. దానికి నీళ్లు జాలవాగు నుంచి తోడతారు, అదీ అట్టల మిల్లుకు దిగువన. ఆ నీళ్లు జనానికి ఇయ్యొచ్చా లేదా అని సోమవారానికల్లా రాసియ్యాల్సింది లూదియా. ఆ పల్లె ఎవరిదో అయితే వేరు. అది ఆమె పుట్టినూరు. అమ్మ ఎస్తేరు ఆడనే ఉండాది. ఈ మధ్య అమ్మ దగ్గరనే లూదియా బిడ్డ బ్లెస్సీ కూడా ఉండాది, ఇంకా పళ్లు కూడా సరిగా రాని పిల్ల.

వాగు నీళ్లను సీసాలో పట్టి పరీక్ష చేస్తే బాగనే ఉండాయని వచ్చింది. కానీ మిల్లోల్లు మురుగు ఎప్పుడు వదుల్తారో, ఎప్పుడు బిగబట్టుకుంటారో ఎవరికి తెలుసు? పరీక్ష చేసేవాళ్లు పోయిన పొద్దు నీళ్లు తేటగానే కనపడతాయి. పురుగులకు అట్ల కుదరదు. వాటి కాపురం ఏడాదంతా ఆ రాళ్ల కిందనే. మురుగు పారితే సున్నితమైనవి ముందు చచ్చిపోతాయి, మళ్లా తొందరగా రావు. అందుకని లూదియా నీళ్లను వదిలి పురుగులను పట్టుకుంది.

మిల్లుకు దిగువన పట్టిన సీసాలు రెండు ఆమె ముందరికి వచ్చినాయి. ఎండాకాలానిది ఒకటి, వానల తర్వాతది ఒకటి. రెండింట్లోనూ మంచి నీళ్లలో తప్ప బతకని పురుగులే. పై ఆఫీసరు సురేష్ సారు తల ఊపి, "ఇంకేమమ్మా, బాగున్నాయని రాసేయ్" అన్నాడు. లూదియా చెయ్యి ఆడలేదు.

వాటిలో గూడుపురుగు అని ఒకటి ఉంటుంది. దాని ఒళ్లు మెత్తన. అందుకని నోటి జిగురుతో ఇసుక రేణువులు అంటించుకొని, గొట్టం మాదిరి గూడు కట్టుకొని దాంట్లో దాక్కుంటుంది. యాడుంటే ఆడి ఇసుకే దానికి ఇటుక. రాగులపల్లె కాడ వాగు ఇసుక బెల్లం రంగు. రెండు సీసాల్లోని గూళ్లు మాత్రం నల్లగా ఉండాయి, సూది మొనల్లాంటి రాతి ముక్కలతో. అట్లాంటి రాయి జాలవాగులో ఒక్క చోటే పడుతుంది. మిల్లుకు ఎంతో ఎగువన, ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే షెడ్ల వెనక. దిగువ సీసాతో పోల్చి చూసేదానికని ప్రతిసారీ ఆడ కూడా ఒక సీసా పడతారు.

అంటే పురుగులు ఒక చోటివి, సీసా ఇంకో చోటిది.

శనివారం పొద్దున అభిషేక్ తొందరగా షాపుకు పోయినాడు. లూదియా భర్తకు నంద్యాల బస్టాండు కాడ జిరాక్సు షాపు ఉండాది. ఆమె రిపోర్టులు టైపు చేసిచ్చేది కూడా ఆయనే. ఆయన పోయినాక లూదియా వల, తెల్ల ట్రే, పాత బడి బూట్లు సంచిలో వేసుకొని ఆళ్లగడ్డ బస్సెక్కింది. వల కర్ర కిటికీలో నుంచి బయటికి పొడుచుకొని వచ్చింది.

"ఏందక్కా, శిరివెళ్ల చెరువులో చేపలు పడతావా?" అన్నాడు కండక్టరు. "కర్రకు గూడా అర టికెట్టు కొట్టాల్నా?"

వెనక సీట్లో వాళ్లు నవ్వినారు. మామూలుగా అయితే లూదియా కూడా ఒక మాట విసిరేదే. ఈ పొద్దు ఆమెకు నవ్వు రాలేదు. బిడ్డ దగ్గినప్పుడల్లా పక్క గదిలో నుంచే ఇది ఊరికే దగ్గా, ఇంకేమన్నానా అని చెవులు నిక్కబొడుచుకునే తల్లి మాదిరి, ఈ పనిలో తన చుట్టూ ఉన్న ఒక్కొక్క మనిషినీ అనుమానంతో తలుచుకుంటాంది. సురేష్ సారుకు అంత తొందర ఎందుకు? ఆ మధ్య ఆఫీసు ముందర ఆగి ఉన్న కారు మిల్లు వాళ్లదేనా, ఇంకెవరిదన్నానా? వాగులోకి దిగి సీసాలు నింపింది యేసురత్నం. ఆయన ఎట్లాంటోడు?

ఆ పేరు కాడికి వచ్చేసరికి మనసు ఎదురు తిరిగింది. యేసురత్నం తమ చర్చి మనిషి. చిన్నప్పుడు ఆదివారం బడిలో తనను భుజాన ఎక్కించుకొని తిరిగినోడు. ఆఫీసులో ఎవరు మారినా వాగుల్లోకి దిగేది ఆయనే. ఆయన మీద అనుమానం పడుతుందని కల్లో కూడా అనుకోలేదు. అనుకోలేదు గానీ, బస్సు ఆళ్లగడ్డ చేరేసరికి అనుమానం ఆమె కంటే ముందు దిగి నిలబడింది.

శిల్పాల షెడ్ల కాడ ఉలి దెబ్బలు. దుమ్ము. సగం చెక్కిన నందులు, ముక్కు లేని దేవుళ్లు, తొండం ఒక్కటే వచ్చిన వినాయకుడు. వాటి మధ్యలో నుంచి వాగు గట్టుకు దారి. లూదియా బూట్లు తొడుక్కొని దిగి, ఒక రాయి ఎత్తి అడుగు చూసింది. నల్ల గూళ్లు అంటుకొని ఉండాయి. సీసాలో ఉన్నవే. రవ్వంత కూడా తేడా లేదు.

"ఏం పాపా, మల్లా వచ్చినావు?" గట్టు మీద నుంచి రామయ్య అరిచినాడు. షెడ్లలో పెద్ద శిల్పి ఆయన. జుట్టూ మీసం దుమ్ముతో బూడిద రంగులో ఉండాయి. "మా రాతిపొడి వాగును చెడగొడతాందని రాస్తావా యేంది?"

"లేదు పెద్దనాయనా. మీ పొడితో ఇండ్లు కట్టుకునేవాళ్లు ఉండారు. వాళ్లను చూసిపోదామని వచ్చినా."

"మా పొడితో ఇండ్లా? యాడ?"

లూదియా అరచేతిలో పెట్టి చూపించింది. రామయ్య అద్దాలు తుడుచుకొని వంగి చూసినాడు. చానాసేపు చూసినాడు.

"యబ్బా! దీన్ని చెక్కింది ఎవురమ్మా? ఇంత సన్న పని మావాళ్ల చేత చేయించాలంటే నా ప్రాణం పోతాది." గూటిని మళ్లా ఆమె చేతిలోనే జాగ్రత్తగా పెట్టినాడు. "అందుకేనా యేసురత్నం వీటి కోసం రెండోసారి వచ్చింది?"

"రెండోసారా?"

"అవును. ఎండల్లో. నువ్వు బాలింతగా ఉన్నప్పుడు. పొద్దున ఒకసారి వచ్చి వల వేసుకొని పోయినాడు, అది ఎప్పుడూ చేసేదేగా. మధ్యానం మల్లా వచ్చినాడు, ఒక్కడే. రాళ్లెత్తి చేత్తో ఏరుకుంటాండాడు. ఏందప్పా ఇది అంటే, 'నేనొచ్చినట్లు ఎవురికీ చెప్పాకు అన్నా' అన్న్యాడు. నాకేం పని చెప్పడానికి? నువ్వడిగితివి గాబట్టి చెప్తాండా."

"వానల తర్వాత కూడా అట్ల వచ్చినాడా?"

రామయ్య ఆలోచించినాడు. "అప్పుడు ఒక్కసారే వచ్చినట్లుండాది. రెండోసారి చూడలేదు. నేను చూడకపోతే రాలేదని గాదు గదా."

లూదియా ఫోను తీసింది. యేసురత్నం మొదటి రింగుకే ఎత్తినాడు. మిల్లు దిగువన, రాగులపల్లె దారిలో కలవమని చెప్పింది. ఏం పని అని ఆయన అడగలేదు. అడగకపోవడం కూడా ఆమెకు అనుమానంగానే అనిపించింది.

ఆటో దిగి నడిచి వచ్చేసరికి యేసురత్నం తుమ్మచెట్టు కింద బీడీ ఆర్పి లేచినాడు. లుంగీ పైకి కట్టినాడు. కాళ్లకు పసుప్పచ్చ గమ్‌బూట్లు. అట్లాంటివి మిల్లులో పనోళ్లకు ఇస్తారు, గేటు కాడ ఎప్పుడు చూసినా వరసగా ఆరబెట్టి ఉంటాయి.

"బూట్లు కొత్తవి మామా."

"మా పిల్లోడు హర్షవమ్మా. మిల్లులో చేరినాడు గదా వాడు. నాకు లూజు, అయినా తొడుక్కుంటాండా."

"ఎప్పుడు చేరినాడు?"

"ఉగాది పోయినాక."

ఉగాది పోయినాకనే ఎండాకాలం సీసా నిండింది. లూదియా సంచి కింద పెట్టింది. "నాకు చెప్పలేదే."

"నువ్వు పచ్చి బాలింతవి. నీకు మా వోని ఉద్యోగం సంగతి చెప్పడానికి పనిగట్టుకొని రావాల్నా?" నవ్వినాడు. ఆమె నవ్వలేదని చూసి ఆయన కూడా ఆపినాడు. "ఏమైందమ్మా? పాప బాగుందా?"

"పాప బాగుంది. వల పట్టుకో మామా. ఈ పొద్దు నేను తొక్కుతా."

"నువ్వేల దిగేది, నేనుండంగా?"

"నేనే దిగుతా."

చేసే పని కొత్తదేం కాదు. ఒకరు వలను వాగు అడుగుకు ఆనించి పట్టుకోవాల. ఇంకొకరు దానికి ఎగువన నిలబడి కాళ్లతో రాళ్లను తొక్కి కదపాల. రాళ్ల కింద దాక్కున్నవన్నీ లేచి నీళ్లతో పాటు కొట్టుకొని వచ్చి వలలో పడతాయి. లూదియా నీళ్లలోకి దిగింది. మోకాళ్ల దాకా వచ్చినాయి. రాళ్ల మీద జిగట. అడుగు కదిలించినప్పుడల్లా తడిసిన అట్ట మురిగిన వాసన పైకి లేస్తాంది.

తొక్కింది. బియ్యంలో రాళ్లు ఏరేటప్పుడు చాట విదిలించినట్లు కాళ్లు ఆడిస్తా, వంగి చేత్తో రాళ్లు రుద్దతా తొక్కింది. యేసురత్నం వల ఎత్తి ట్రేలో గుమ్మరించినాడు. ఆకులు. నల్ల బురద. దారప్పోగుల్లాంటి ఎర్ర పురుగులు కొన్ని మెలికలు తిరుగుతా.

అంతే.

ఇంకొంచెం పక్కకు జరిగి మళ్లా తొక్కింది. మళ్లా అవే. ఒడ్డు కాడ గడ్డి మొదుళ్లలో చూసింది. అవీ లేవు.

"ఏవి మామా?"

"ఏవి?"

"సీసా నిండా పట్టినావే, మూడు తోకల పురుగులు, గూడుపురుగులు. యాడికి పోయినాయి?"

"వానలకు కొట్టుకొని పోయింటాయి."

"వానల తర్వాత సీసాలో గూడా ఉండాయి."

యేసురత్నం వలను ఒడ్డు మీదికి విసిరినాడు. నీళ్లలో ఉన్న ఒక బండ మీద కూర్చొని లుంగీ కొసతో మొహం తుడుచుకున్నాడు. తుడుచుకుంటానే అన్నాడు, "రామయ్య చెప్పినాడా?"

"గూళ్లే చెప్పినాయి. రామయ్య ఇప్పుడు చెప్పినాడు."

"నేను మిల్లోల్లకు అమ్ముడుపోయినా అనుకుంటాండావు నువ్వు."

"ఏమనుకోమంటావో నువ్వే చెప్పు. కొడుకు మిల్లులో ఉండాడు. కాళ్లకు మిల్లు బూట్లు. సీసాలో దొంగ పురుగులు. ఇంకొకరైతే ఏమనుకుంటారు?"

"ఇంకొకరి మాట నాకొద్దు. నా భుజం మీద ఎక్కి తిరిగిన పిల్ల ఏమనుకుంటాందో అది చెప్పు."

లూదియా తల వంచుకొని నీళ్లలోకి చూసింది. దూరంగా మిల్లు చిమ్నీ. అడగాల్సింది ఆమె, కానీ దోషి మాదిరి తల వంచుకున్నది కూడా ఆమే. అది గుర్తుకొచ్చి మొహం ఎత్తింది.

"సోమవారం నేను రాసిచ్చే మాట మీద ఆ ఊరు నీళ్లు తాగుతాది. నా బిడ్డ తాగుతాది. నిజం చెప్పు మామా. ఏల చేసినావు?"

ఆయన లుంగీ కొస వదిలినాడు.

"ఎండల్లో నేనొక్కన్నే దిగినా. ఎన్ని తూర్లు తొక్కినా ఇవే. ఈ ఎర్రవి. మురిక్కాలవలో ఉండే పురుగులు గదమ్మా ఇవి! వీటిని సీసాలో పెట్టి ఆఫీసరుకు యెట్ల ఇచ్చేది? అంతకు ముందు ఇంకో వాగు కాడ నుంచి ఒకతూరి ఖాళీ సీసా తీసుకపోయినా. సురేష్ సారు అందరి ముందర ఏమన్న్యాడో తెల్సా? 'గట్టు మీద నీడకు పండుకొని వచ్చినావా యేసురత్నం' అన్న్యాడు. పక్క సీట్లో నుంచి పూర్ణిమ మేడమ్ గూడా నవ్వింది. ఈ వయసులో నాకు..." ఆగినాడు. "సెనక్కాయలు పీకేదానికి పోయిన మనిషి ఖాళీ గంప తెస్తే ఏమంటారు? పని దొంగ అంటారు. అందుకని ఎర్రవాటిని పారబోసి, సీసా కడిగి, రామయ్య కాడికి పోయి మంచివి ఏరుకొచ్చి వేసినా. మంచివి ఇస్తే మీరు సంతోషపడతారనుకున్న్యా."

లూదియాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"మామా, నువ్వు పారబోసినావు చూడు, నాకు కావాల్సింది అవే! మిగతావి ఏవీ లేక ఇవి మాత్రమే ఉండాయంటే నీళ్లలో గాలి లేదని అర్థం. మంచి పురుగులు ఊపిరాడక చచ్చిపోయినాయి, గాలి లేకపోయినా బతికేవి ఇవొక్కటే మిగిలినాయి. నువ్వు ఆ ఎర్రవే తెచ్చింటే ఎండాకాలమే మిల్లోల్ల సంగతి బయటపడిపోయేది."

"నాకెవురు చెప్పినారు?" యేసురత్నం గొంతు పెరిగింది. "పురుగులు తెమ్మన్న్యారు, తెచ్చినా. లేకపోతే లేవనే తీసుకొని రా అని మీలో ఏ ఒక్కరన్నా చెప్పినారా?"

లూదియా ఆయన మొహం చూసింది. కళ్లలో నీళ్లు తిరుగుతాండాయి. నమ్మాలని ఉంది. నమ్మితే ఎంత హాయి! కానీ ఒకసారి వచ్చిన అనుమానం బిడ్డ జరం మాదిరి, తగ్గిందనుకొని చెయ్యి తీయంగానే మళ్లా కాలుతాది.

"సరే. ఎండాకాలానిది అట్లయింది. వానల తర్వాతది కూడా ఇట్లనే నింపినావు కదా?"

"లేదు."

"మామా."

"లేదంటాండా గదమ్మా. అప్పటికి నువ్వు మల్లా పన్లోకి వచ్చినావు. నువ్వయితే ఖాళీ తెచ్చినా అరవవు అనుకున్న్యా. అందుకని దిగువ సీసాలో ఈ ఎర్రవే వేసి మూత బిగించినా. ఎగువ సీసాలో రామయ్య కాడివి, నిండుగా. రెండూ ఒకటే సంచిలో పెట్టి తెచ్చిచ్చినా."

"నిండుగానా? ఎగువ సీసాలో సగమే ఉండాయి. ఈ ఏడు ఎందుకు తగ్గినాయో అని నేను బాధపడినా కూడా."

"సగమేంది? మెడ దాకా పెట్టినా."

లూదియా మనసులో లెక్క వేసుకుంది. ఎగువ సీసాలో సగం తగ్గినాయి. ఆ సగం దిగువ సీసాలోకి వచ్చినాయి. వాగులోకి దిగాల్సిన పని లేదు. రామయ్య షెడ్డుకు పోవాల్సిన పని లేదు. రెండు సీసాల మూతలు తీసి, ఒకదాంట్లోని ఎర్రవాటిని పారబోసి, ఇంకోదాంట్లో నుంచి సగం దాంట్లోకి ఒంపుకోవడమే. ఊరికే పాలు పంచినట్లు.

"సీసాలు ఎవరికి ఇచ్చినావు?"

"అదేందమ్మా, మీ ఇంటికే తెచ్చినా గదా. ఆ పొద్దు ఆఫీసు మూసినారు. నువ్వు పాపకు జరమని ఆస్పత్రికి పోయింటివి."

"నేను ఇంట్లో లేను. మరి ఎవరి చేతికి ఇచ్చినావు?"

యేసురత్నం ఆమెను వింతగా చూసినాడు. తెలిసిన సంగతే మళ్లా ఎందుకు అడుగుతాందో అన్నట్లు. "ఇంకెవురుండారు మీ ఇంట్లో? అబ్బాయి చేతికే. అభిషేక్ చేతికి."

నీళ్లడుగున రాయి ఒకటి లూదియా కాలి కింద కదిలింది.

"దిగువ సీసా ఎత్తి వెలుతురుకు పెట్టి చూసినాడు అబ్బాయి," యేసురత్నం చెప్తా పోయినాడు. "'ఇంతేనా మామా?' అన్న్యాడు. 'అంతే నాయనా, మిల్లు కింద ఇంకేం బతికి లేవు' అన్న్యా. 'నువ్వు పో మామా, ఈ మాట లూదియాకు నేను చెప్తాలే' అన్న్యాడు. చెప్పలేదా నీకు?"

చెప్పలేదు. ఆ సాయంత్రం ఆస్పత్రి నుంచి వస్తే అభిషేక్ అన్నం వండి పెట్టినాడు. పాపను ఎత్తుకొని వరండాలో తిరిగినాడు. సీసాలు వంటింటి అలమారలో, పాలపొడి డబ్బా పక్కన పెట్టి ఉండాయి. పిల్లకు అందకుండా పైన పెట్టినా అన్నాడు. ఎంత జాగ్రత్త గల మనిషి అని ఆమె మురిసిపోయింది.

ఈ ముసలాయన అబద్ధం చెప్తాండాడేమో. ఒక తప్పు ఒప్పుకొని రెండోదాన్ని ఇంకొకరి మీదికి నెట్టేవాళ్లు లోకంలో లేరా? కొడుకును కాపాడుకోవాలని ఏ తండ్రి అయినా చేస్తాడు. అభిషేక్‌కు ఏం అవసరం? జిరాక్సు షాపు మనిషికి వాగు పురుగులతో ఏం పని? అట్ల అనుకుంది. అనుకుంటే యేసురత్నం దొంగ కావాల. ఈయన చెప్పింది నిజమైతే అభిషేక్ దొంగ కావాల. ఇద్దర్నీ నమ్మడానికి దారి యాడా కనపడలేదు.

"మామా, నువ్వు చెప్పింది..."

జాకెట్టులో దోపిన ఫోను మోగింది. అమ్మ. చెయ్యి తుడుచుకొని ఎత్తింది.

"ఏమే!" ఎస్తేరు గొంతు పండగ మాదిరి ఉంది. వెనక జనం, బిందెల సప్పుడు, ఎవరో పిల్లలు కేకలు. "నీ పుణ్యాన మా వీధి కొళాయికి నీళ్లొచ్చినాయి!"

"ఏం నీళ్లమ్మా?"

"ట్యాంకు నీళ్లు. సోమారం అన్న్యారు గానీ ఈ పొద్దే వదిలినారు. నువ్వు బాగుండాయని రాసిచ్చినావంట గదా? అల్లుడు పొద్దున్నే వచ్చి కాయితం సర్పంచి చేతికి ఇచ్చినాడు. ఊరంతా నీ పేరే చెప్పుకుంటాండారు. పద్మమ్మ అయితే 'నీ కూతురు చదివిన చదువు మాకు పనికొచ్చింది' అని—"

"అమ్మా. పాపకు ఆ నీళ్లు పట్టొద్దు."

"ఏందీ?"

"పట్టొద్దు. కాంచి గూడా వద్దు. కొళాయి నీళ్లు ఇంట్లోకే తేవద్దు. పక్కోళ్లకు గూడా చెప్పు, తాగొద్దని."

"నీకేమన్నా పిచ్చా? నువ్వే బాగుండాయని రాసిస్తివి, మల్లా నువ్వే..."

"నేను రాయలేదమ్మా! నేనింకా ఒక్క ముక్క గూడా రాయలేదు!"

ఎస్తేరు గొంతు కొంచెం తగ్గించి అంది, "ఉండు, అల్లుడు ఈడనే ఉండాడు. పాపను ఎత్తుకోనుండాడు. నువ్వే మాట్లాడు."

"వద్దమ్మా, ఇయ్యాకు—"

ఫోను చేతులు మారిన సప్పుడు. బ్లెస్సీ ఏదో కూసింది, నాయన చొక్కా పట్టుకొని గుంజేటప్పుడు కూసే కూత. బిందెల సప్పుడు దూరమయింది. ఆయన జనం నుంచి పక్కకు నడుస్తాండాడని లూదియాకు తెలిసింది.

"లూదియా." అభిషేక్ గొంతు ఎప్పటిమాదిరే మెత్తగా ఉంది. "అత్తకు ఏమో చెప్తాంటివి."

"ఏం లేదు."

"ఏం లేదా?"

"పాపకు జలుబు చేస్తుందేమో, చన్నీళ్లు వద్దని చెప్తాండా."

"నువ్వు యాడుండావు ఇప్పుడు?"

లూదియా యేసురత్నం వైపు చూసింది. ఆయన బండ మీద నుంచి లేచి నిలబడినాడు. ఏమడుగుతాండాడు అన్నట్లు గడ్డం ఎగరేసినాడు. పెళ్లయిన్నాటి నుంచి ఇంటికి రావడం కొంచెం ఆలస్యమైనా ఎందుకైందో పూసగుచ్చినట్లు మొగునికి చెప్పే మనిషి లూదియా.

"ఆఫీసులో," అంది.

"ఆఫీసులోనా?"

"ఊఁ. మైక్రోస్కోపు కాడ."

ఈసారి ఆయన గొంతులో మెత్తదనం పోయింది. కోపం కాదు అది. భయం. ఇన్నేళ్ల కాపురంలో ఆ గొంతులో ఆమె ఎప్పుడూ వినని భయం.

"మంచిది. ఆఫీసులోనే ఉండు. ఎవురు పిలిచినా ఈ పొద్దు జాలవాగు కాడికి పోవద్దు. యేసురత్నం మామ పిలిచినా పోవద్దు. నీళ్లలోకి మాత్రం అసలు దిగొద్దు. ఇన్నావా?"

"ఏల? ఏమయితాది?"

ఫోను ఆగిపోయింది.

లూదియా మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఉండాది. ఒడ్డు అంత దూరమేం లేదు. అటు వైపు ఒక అడుగు వేసింది. ఎదురుగా యేసురత్నం ఆమెను చూడటం మానుకొని మిల్లు వైపు తిరిగినాడు. చెయ్యి చెవి వెనక పెట్టుకొని, తల వంచి, ఎగువ నుంచి వచ్చే ఏదో హోరు వింటాండాడు.